సలోమి టీచర్ నాలుగు అచ్చులు

మధ్యాహ్నం భూపాలపల్లి బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరగగానే మా రక్తపరీక్షల ల్యాబ్ కిటికీ అద్దాలు గలగలమంటాయి. స్టాండులో నిలబెట్టిన గాజు గొట్టాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఈ ఊరికి కోడలినై వచ్చి ఇన్నేళ్లయినా నాకా మోత అలవాటు కాలేదు. ఆ గనిలోనే మా ఆయన డంపర్ నడుపుతాడు. మోత వినపడగానే నా గుండె గుభేలుమంటుంది, నాకు తెలియకుండానే నోట్లోంచి "ఉ" అని వస్తుంది. అమ్మో కాదు, దేవుడా కాదు, ఒట్టి ఉ. సెలవు రోజున ఆయన ఇంట్లో ఉండి విన్నాడంటే ఇక నా పని అయిపోయినట్టే. "మల్ల మొదలువెట్టినవా? ఈనే బర్రె గూడ గింత సొగసుగ మూల్గది," అంటాడు. ఆయనకేం తెలుసు! అది మూలుగు కాదు, నిండు వాక్యం. దాన్ని నాకు నేర్పిన మనిషి పేరు సలోమి టీచర్. ఇప్పుడు ఆమె లేదు. ఆ ఒక్క అక్షరాన్ని ఆమె నోట నేను సరిగ్గానే విన్నానా అన్న భయం మాత్రం ఇంకా నాతోనే ఉంది.

నేను పుట్టు పిరికిదాన్ని. తొర్రూరు పక్కన మా తండా. ఇంట్లో మాది లంబాడీ మాట, బడిలో తెలుగు. క్లాసులో నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీల నుంచి నా యాసను అచ్చం దింపేవాళ్లు. అందుకని నోరు తెరవడమే మానేశాను. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తేదాన్ని. కుక్క అంటే భయం, బస్సు హారన్ అంటే భయం, నల్లబల్ల దగ్గరికి రమ్మంటే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. అలాంటి నన్ను తొమ్మిదో తరగతిలో లెక్కల టీచర్ సలోమి పట్టుకుంది. డోర్నకల్‌లో రైలు పట్టాల మీద పనిచేసే ఆయన కూతురు. సన్నగా, పొడుగ్గా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు, మరో చేతిలో చాయ్ గ్లాసు. ఆమెకు భయమనేది ఉందంటే మేమెవరమూ నమ్మేవాళ్లం కాదు. ఎవరైనా అడిగితే ఒకే కథ చెప్పేది. "చిన్నప్పుడు మా తమ్ముడు యోహాను బాయిల పడ్డడు. నేను ఒడ్డుమీద నిలవడి మొత్తుకున్న. భయపడుడంటే గప్పుడే, మల్ల పడలె," అని నవ్వేసేది.

లెక్కల పుస్తకంలో ప్రవచనాల పాఠం వచ్చిన రోజుల్లో ఆమె నన్ను మధ్యాహ్నం అన్నం బెల్లు తర్వాత వరండాలో కూర్చోబెట్టుకుంది. ఒక వాక్యం, ఇంకొక వాక్యం, వాటి మధ్య 'మరియు', 'లేదా' పెట్టి ఏది నిజం ఏది అబద్ధం అని తేల్చే పాఠం అది. తొర్రూరు బస్టాండ్ ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఆమె ఎక్కడో పట్టుకొచ్చిన సంగతి ఒకటి ఉంది. లోజ్బాన్ అని ఒక భాష. ఏ ఊళ్లోనూ పుట్టింది కాదు, కొందరు కూర్చుని తర్కానికి సరిపడేలా కట్టుకున్నది. నేను బిత్తరపోయి చూశాను. ఉన్న రెండు భాషలతోనే చస్తుంటే మూడోదా! ఆమె నా మొహం చదివినట్టుంది. "గిది ఎవ్వల అమ్మ మాట గాదు బిడ్డా. నాకు గూడ రాదు, నేను గూడ కొత్తగనే నేర్సుకుంటున్న. దీంట్ల నీ యాస జూసి నవ్వెటోడు ఇంక పుట్టలె," అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు.

మొదటి పాఠం చాయ్‌తోనే. గ్లాసు ఒక పక్క, బిస్కెట్ ఒక పక్క పెట్టి "చాయ్, జి, బిస్కెట్?" అంది. జి అంటే ఆ రెండింటి మధ్య ఏ ముడి వెయ్యాలో నువ్వే చెప్పు అని అడగడం. జవాబుకు ఒక్క అచ్చు చాలు. అ అంటే ఏదైనా ఒకటి, రెండూ ఇచ్చినా సరే. ఎ అంటే రెండూ. ఒ అంటే ఇస్తే రెండూ ఇవ్వు, లేదంటే రెండూ వద్దు. ఉ అంటే మొదటిది కచ్చితంగా కావాలి, రెండోది ఉన్నా లేకున్నా ఒకటే. నేను చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడుతూ "ఒ" అన్నాను. "అబ్బో, గింతంత పోరికి ఎంత పొగరు! అయితే రెండు లేవు పో," అని చాయ్ తనే తాగేసింది. నా మొహం మాడిపోయింది. అది చూసి పడీ పడీ నవ్వి, ఇంకో చాయ్, రెండు బిస్కెట్లు తెప్పించింది. అసలు పద్ధతిలో ఈ అచ్చులకు ముందూ వెనకా ఇంకొన్ని తోకలు తగిలించాలి, వాక్యాల మధ్య పెడితే ఒక రకం, పేర్ల మధ్య పెడితే ఇంకో రకం. మేమిద్దరం వాటిని పక్కన పెట్టి ఒంటి అచ్చులతోనే నడిపించాం. ఏడాది తిరిగేసరికి వరండాలో మేము "అ, ఉ, ఎ" అనుకుంటూ కూర్చుంటే దారిన పోయే పిల్లలు ఆగి చూసేవాళ్లు. ఇంట్లో చెల్లెలితో ఇదే ఆట ఆడుతుంటే మా యాడి, అంటే మా అమ్మ, మా భాషలో నన్ను నానా తిట్లూ తిట్టింది, పిల్లకు గాలి సోకిందని.

పదో తరగతిలో జనగామలో లెక్కల పోటీకి నన్ను తీసుకెళ్లింది. బచ్చన్నపేట, తొర్రూరు, ఎక్కడెక్కడి బడుల పిల్లలో వచ్చారు. స్టేజీ మీదికి ఎక్కి మైకు ముందు జవాబు చెప్పాలి. బస్సు దిగుతూనే వాంతి చేసుకున్నాను. హాలు దగ్గర స్తంభాన్ని పట్టుకుని వదల్లేదు. దారిన పోయే ప్రతి సారూ "భయపడకమ్మా" అని ఒక మాట పడేసి వెళ్తున్నాడు. సలోమి టీచర్ మాత్రం ఆ మాట అనలేదు. గొడుగు మడిచి నా పక్కనే నేల మీద కూర్చుంది.

"భయపడకు అన్నరనుకో, నువ్వు ఏం జెయ్యాలె? చెయ్యి లేపాల్నా, కాలు లేపాల్నా?" అని అడిగింది.

"తెల్వది టీచర్."

"నాకు గూడ తెల్వది. చెయ్యరాని పని జెయ్యిమనుడు ఆజ్ఞ గాదు. అన్నోళ్లకు మనసు నిమ్మలమైతది, గంతే. నేను నీకు చేతనయ్యే పని జెప్త."

అప్పుడు చెప్పింది 'కొ' గురించి. ఆ భాషలో ఆజ్ఞ ఇవ్వాలంటే క్రియను మార్చరు. 'నువ్వు' అనే మాట ఎక్కడుందో అక్కడ దాన్ని తీసి 'కొ' పెడతారు. ఆ వాక్యాన్ని నిజం చేసే భారం ఎదుటివాళ్ల మీద పడుతుంది. 'నువ్వు వస్తావు' అనే చోట పెడితే 'రా' అని. 'నేను నిన్ను చూస్తాను' అనే చోట పెడితే? తెలుగులో ఒక్క మాటలో రాదు. నువ్వు నాకు కనపడేటట్టు చెయ్యి అని. "మి విస్కా కొ," అంది నా గడ్డం పట్టుకుని. "నేను వెనక బెంచీ ఎక్కి నిలవడ్త. నువ్వు నాకు కనవడాలె. లెక్క తప్పైనా పర్వలేదు, కనవడుడు తప్పొద్దు." ఆజ్ఞ విన్నవాళ్లు 'విహో' అనాలి. చేస్తాను అని. అనకపోతే ఆ ఆజ్ఞ గాలికి పోయినట్టే. నేను విహో అన్నాను, కానీ స్తంభం వదల్లేదు. ఆమె విసుక్కోలేదు. "సరే, గిది జెప్పు. స్టేజెక్కుతవు, జి, భయమైతది?" అంది.

"ఎ," అన్నాను. రెండూ నిజమే మరి.

"నిజమే. గని ఎ అన్నవనుకో, భయం లేని రోజు నీ మాట అబద్ధమైతది. నీ ఎక్కుడును భయంతోని ఎందుకు ముడేస్తవ్? ఉ అను. ఎక్కుతవు. భయం ఉంటే ఉండనీ, లేకుంటే లేకపోనీ."

"ఉ," అన్నాను. ఎక్కాను. బెంచీ మీద నిలబడి గొడుగు పైకెత్తి పట్టుకున్న ఆమె వైపే చూస్తూ జవాబులు చెప్పాను. బహుమతి రాలేదులెండి, అడిగిన వాటిలో సగం తప్పాయి. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్క సీటు నాకిచ్చి, "పొద్దందాక కనవడ్డవ్," అంది. ఆ తర్వాత నేను చదువుకున్నాను, ల్యాబ్ పని నేర్చుకున్నాను, పెళ్లయి భూపాలపల్లి వచ్చాను. ఆమె రిటైరై డోర్నకల్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తే "హలో" అనేది కాదు, "చాయ్, జి, బిస్కెట్?" అనేది.

ఒక వానాకాలం పొద్దున ఆమె నంబరు నుంచే ఫోన్ వచ్చింది. చాయ్ మాట వినపడలేదు. ఆమె తమ్ముడు యోహాను కాక గొంతు. "బిడ్డా కమిలీ, అక్క పడిపోయింది. మానుకోట దవాఖానల ఉన్నం. నీ పేరు ఫోన్ల పైన ఉంటే జేసిన," అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే. నేను వాన్లో బస్సులు మారి మారి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. మంచం మీద ఆమెను ఒక్క చూపులో గుర్తుపట్టలేకపోయాను. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి కదలడం లేదు. ఎడమ చెయ్యి, తల ఒకటే వణుకు, ఏది అడిగినా తల ఊగుతూనే ఉంది. తలలో నెత్తురు గడ్డ కట్టిందని డాక్టరు చెప్పాడు. వరంగల్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తే బతకొచ్చు, బల్ల మీదే పోవచ్చు కూడా. చేయించకపోతే మెల్లగా స్పృహ తప్పుతుంది. సాయంత్రం లోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు.

కాక అప్పటికే తేల్చుకున్నాడు. "ఇంటికి తీస్కపోత బిడ్డా. కత్తి కింద పోతే నేను సంపినట్టే. ఇంటికాడ పోతే దేవుడు తీస్కపోయినట్టు. ఆమెకైతే మతి లేదాయె, అడుగుదామన్నా," అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే మంచం మీంచి "ఎ" అని వినపడింది. కాసేపాగి "అ". నర్సు వచ్చి, పొద్దున్నుంచీ ఇలాగే మూలుగుతోందని చెప్పి పోయింది. అది మూలుగా? లేక ఆమె పొద్దున్నుంచీ మాట్లాడుతుంటే వినేవాళ్లే లేక ఊరుకుందా? మంచం దగ్గరికి వంగి అడిగాను. "టీచర్, మీరు పుట్టింది డోర్నకల్‌ల. జి. పాఠాలు జెప్పింది తొర్రూర్ల."

"ఎ." రెండూ నిజం.

"మీరు సోషల్ జెప్పిన్రు. జి. మీకు పెండ్లయింది."

ఆమె కళ్లు నా మొహం మీద నిలిచాయి. "ఒ." ఉంటే రెండూ, లేకుంటే రెండూ లేవు. ఆ నోరు పూర్తిగా వంకరపోయి ఉండకపోతే నవ్వేదే. నేను కాకను పట్టుకుని గబగబా అంతా చెప్పాను, నాలుగు అచ్చులు, జి, చాయ్, బిస్కెట్. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే పిచ్చిగా వినపడ్డాయి. కాక నన్ను జాలిగా చూశాడు. "అక్కంటే నీకు పానం బిడ్డా. గందుకే గట్ల వినవడ్తుంది. నీకు జవాబు తెల్సినవే అడుగుతున్నవాయె," అన్నాడు. ఆ మాట నా గుండెలో దిగింది. నిజమేనేమో. చావుబతుకుల్లో ఉన్న మనిషి మూలుగులకు నేను అర్థాలు కడుతున్నానేమో. నా పిచ్చి నమ్మకంతో ఆమెను కత్తి కిందికి తోస్తే? నమ్మకం లేదని ఊరుకుంటే, అన్నీ తెలిసిన మనిషి నోరు మూసి ఇంటికి మోసుకుపోతే? రెండు వైపులా నుయ్యే కనపడింది నాకు. "అయితే మీరే అడుగున్రి కాకా," అన్నాను ఏడుస్తూ. "నాకు తెల్వనిది అడుగున్రి."

ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నేను చెప్పినట్టే అడిగాడు. "అక్కా, బాయిల పడ్డది నేను. జి. బాయిల పడ్డది నువ్వు."

తెలియనిది అడగమంటే అదే కథా! ఊరందరికీ తెలిసిందే. పడ్డది తమ్ముడు, ఒడ్డు మీద మొత్తుకున్నది ఆమె. ఉ అంటుంది, కాక మళ్లీ నీకు తెలిసిందేగా అంటాడు, అంతే.

"ఎ," అంది ఆమె.

అయిపోయిందనుకున్నాను. రెండూ అంటుంది, అంటే ఏమీ తెలియడం లేదు, ఒట్టి మూలుగే. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. అప్పుడు ఏడుపుకు కాక భుజాలు ఎగిరెగిరి పడటం చూశాను.

"ఎవ్వలకు తెల్వది బిడ్డా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ముందు నేను పడ్డ. నన్ను గుంజవోయి అక్క గూడ పడ్డది. బడికి పోయే తొవ్వల బాయి అది. బాపుతోని పట్టాలకాడ పనిజేసే ముసలాయన తాడేసి ఇద్దరిని తీసిండు. ఆయన గూడ ఎవ్వలకు జెప్పలె. ఆడివిల్ల బాయిల పడ్డదని తెలిస్తే బాపు బడి మాన్పిస్తడని నాతోని ఒట్టేయించుకున్నది. గీ ముచ్చట ఇప్పుడు మా ఇద్దరికే ఎర్క."

ఆయన లేచి పక్కకు జరిగి, "ఇగ అడుగు," అన్నాడు. ఆ రెండు మాటలతో భారమంతా నా నెత్తిన పడింది. డాక్టరు చెప్పిందంతా ఒక్కటి దాచకుండా ఆమెకు చెప్పాను, బల్ల మీదే పోవచ్చన్నది కూడా. చెప్పి, జనగామలో ఆమె నన్ను అడిగినట్టే అడిగాను. "ఆపరేషన్‌కు పోతరు. జి. భయమైతుంది."

కిటికీ రేకు మీద వాన చప్పుడు. ఆమె ఎడమ చెయ్యి దుప్పటి అంచును పట్టుకుంది. "ఉ," అంది.

నాకు చాల్లేదు. ఉలో భయం ఉందో లేదో తెలియదు, ఉన్నా లేకున్నా అనే కదా. అసలు విన్నది ఉయేనా? వాక్యాలు తిరగేసి మళ్లీ అడిగాను. "భయమైతుంది. జి. పోతరు."

"ఎ."

రెండూ. భయమైతుంది, పోతాను. ఎప్పుడూ భయం లేదని మమ్మల్ని నమ్మించిన మనిషి, బావి ఒడ్డు మీదే అంతా అయిపోయిందని నవ్విన మనిషి, మొదటిసారి నాతో నిజం ఒప్పుకుంది. నేను ఆమె చేతిని రెండు చేతులా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. కాక బయటికి వెళ్లి అంబులెన్స్ మాట్లాడాడు.

వరంగల్‌లో లోపలికి తీసుకెళ్లే తలుపు దగ్గర స్ట్రెచర్ కాసేపు ఆగింది. భయపడకండి టీచర్ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చెయ్యగలిగిన పనే చెప్పాలి కదా. "మి విస్కా కొ," అన్నాను. నాకు కనపడండి. ఆమె పెదాలు కష్టంగా కదిలాయి. ఆ వంకరపోయిన నోటికి హల్లులు రావు కదా, "ఇ... ఒ" అంది. విహో. ఆమె నాకిచ్చిన మాటల్లో తప్పింది అదొక్కటే. ఆ తలుపులోంచి మాకు బయటికి ఇచ్చింది ఆమెను కాదు.

డోర్నకల్‌లో సమాధి దగ్గర నేను యోహాను కాక మొహం చూడలేకపోయాను. చంపింది నేనే అనిపించింది. ఆయనే వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు తప్పు విన్నవని ఎన్నడు అనుకోకు. బాయి సంగతి విన్న చెవులే గది గూడ విన్నయి," అన్నాడు. ఆయన మంచితనం ఆయనది. నా భయం నాది. మూడుపూటలా అన్నం తిన్నట్టు అది నన్ను తింటూనే ఉంది. ఆ ఉ నిజంగా ఉయేనా, వాన చప్పుడులో ఇంకేదైనానా అని అర్ధాంతరంగా చేతిలో పని ఆగిపోతుంది.

రక్తం తీయించుకోవడానికి వచ్చేవాళ్లలో సూది చూసి ముడుచుకుపోయేవాళ్లే ఎక్కువ. వెంట వచ్చినవాళ్లు భయపడకు, భయపడకు అని ఊదరగొడతారు. నేను ఆ మాట అనను. "భయమైతే కానియ్, చెయ్యి మాత్రం ఇటు చాపు," అంటాను. చాపుతారు. ఇవాళ కూడా ఒక ముసలవ్వ చెయ్యి చాపి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. సూది తీసి దూది అద్దుతుండగా గనిలో బ్లాస్టింగ్ జరిగింది, అద్దాలు గలగలమన్నాయి. నా నోటి నుంచి అలవాటుగా అది వచ్చేసింది. "ఏమన్నవ్ బిడ్డా?" అంది అవ్వ. ఏం చెప్పను? ఆ మోత విన్నప్పుడల్లా నన్ను నేను అడిగే ప్రశ్నకు జవాబది. ఆమె మాట నేను సరిగ్గానే విన్నాను, జి, నాకు భయమవుతుంది.

ఉ.